95 మైళ్ల కుర్రాడు: కొలవడం తేలిక, అంచనా కట్టడం కష్టం

అమెరికాలో అగ్రశ్రేణి మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు కుర్ర ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2014 జూన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి రెండు పేర్లూ హైస్కూల్ పిచ్చర్లవే, అంటే బంతి విసిరేవాళ్లవే. మొదటి స్థానంలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు శాన్ డియేగో కుర్రాడు బ్రేడీ ఏకెన్‌ను తీసుకుంది. ఎడమచేతి వాటం, ఎక్కడా తొట్రుపాటు లేని యాక్షన్, వయసుకు మించిన నిలకడ. రెండో స్థానంలో మయామీ మార్లిన్స్ తీసుకున్నది టెక్సస్ కుర్రాడు టైలర్ కోలెక్‌ను. స్కూల్లో చదువుతుండగానే గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటించినవాడు. ఆ ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు.

అదే 2014లో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్‌కు దక్కింది. 2010 డ్రాఫ్ట్‌లో అతని పేరు వచ్చేసరికి తొమ్మిదో రౌండ్ నడుస్తోంది; అప్పటికే 271 మందిని ఎంచుకున్నారు. కాలేజీలో ప్రధానంగా షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్‌గా ఆడినవాడు, డ్రాఫ్ట్ అయిన ఏడాదే పిచింగ్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత 2018, 2019లో వరసగా రెండు సై యంగ్ అవార్డులు గెలుచుకున్నాడు. లీగ్‌లో ఆ ఏటి మేటి పిచ్చర్‌కు ఇచ్చే అవార్డు అది.

స్కౌట్లకు, అంటే జట్ల కోసం కుర్రాళ్లను చూసి అంచనా కట్టేవాళ్లకు, ఆట తెలియక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. కోలెక్ 100 మైళ్లు వేశాడన్నది నిజమే, వేగం కొలిచే రాడార్ గన్ అబద్ధం చెప్పలేదు. కాకపోతే గన్ చెప్పేది ఆ సాయంత్రం ఆ చెయ్యి ఏం చేసిందన్నది. జట్టు లక్షల డాలర్లు పెట్టేది ఐదారేళ్ల తర్వాత ఆ చెయ్యి ఏం చేస్తుందన్నదాని మీద. గడిచిన ఇరవై ఏళ్లలో మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే పరికరాలు ఆశ్చర్యపోయేంతగా ముదిరాయి. రెండో ప్రశ్న దగ్గర మాత్రం ఇప్పటికీ ఊహే దిక్కు. కుర్ర పిచ్చర్ల అంచనాలో ఇంత గందరగోళం ఎందుకంటే, మొదటిదానికి దొరికిన జవాబునే అందరూ రెండోదానికి జవాబుగా చలామణీ చేస్తుండడం వల్ల.

ఎక్కడ కొలిచిన వేగం?

బేస్‌బాల్ పిచ్చర్ క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రాడు. పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద, అంటే మౌండ్ మీద, ఒక పలకకు పాదం ఆనించి అక్కడి నుంచే ఒక పెద్ద అంగ వేసి విసురుతాడు. మోచెయ్యి ఎంత వంచినా అడిగేవాడు లేడు. పలక నుంచి బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. ఈ దూరం 1893 నుంచి మారలేదు. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు.

అయితే బంతి నిజంగా 60 అడుగులు ప్రయాణించదు. పిచ్చర్ అంగ వేసి, ఒళ్లు ముందుకు వంచి, చెయ్యి చాపి వదిలేసరికే ఆరడుగులు ముందుకు వచ్చేసి ఉంటాడు. మిగిలేది 54 అడుగుల పైచిలుకు. 95 మైళ్ల బంతి గాలి నిరోధం వల్ల దారిలో సుమారు ఎనిమిది శాతం వేగం పోగొట్టుకుని, 0.41 సెకన్లలో ప్లేట్ చేరుతుంది. 88 మైళ్ల బంతికి 0.44 సెకన్లు పడుతుంది. తేడా సెకనులో వందో వంతులు మూడు. బ్యాటర్ ఆ బంతిని చూసి, పోల్చుకుని, ఆడాలో వదలాలో తేల్చుకుని, బ్యాట్ తిప్పాల్సిందంతా ఈ లోపే. అందుకే ఆ మూడు వందో వంతులకు అంత ఖరీదు.

బంతి వేగం తగ్గుతూ పోతుందన్న చిన్న విషయమే పాత రికార్డులన్నిటినీ కలగాపులగం చేసింది. 1946లో వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో సైన్యం వాడే పరికరంతో బాబ్ ఫెల్లర్ బంతిని కొలిస్తే 98.6 మైళ్లు వచ్చింది. అది ప్లేట్ దగ్గర కొలిచిన వేగం, అంటే బంతి ఊపు తగ్గాక. 1974లో నోలన్ రయాన్‌కు వచ్చిన 100.9 కూడా ప్లేట్ దాపులో కొలిచిందే. 2010 సెప్టెంబరులో శాన్ డియేగోలో ఎరోల్డిస్ చాప్‌మన్ వేసిన బంతిని అప్పట్లో 105.1 అన్నారు. ఇప్పుడు రికార్డుల్లో అదే బంతి 105.8గా ఉంది. బంతి ఎప్పుడో ప్లేట్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో పడి ఆగిపోయింది, వేగం మాత్రం తర్వాత పెరిగింది! కారణం సాదాసీదాదే. పాత కెమెరా వ్యవస్థ బంతి కొంత దూరం వచ్చాక దాని వేగం చెప్పేది. ఇప్పుడు చేతి నుంచి వదిలిన క్షణానికి లెక్క సరిచేశారు. కాబట్టి ఎవరైనా "మా వాడు 90 వేస్తాడు" అన్నప్పుడు మొదట అడగాల్సింది ఎక్కడ కొలిచారని.

రెండోది ఎవరు, ఏ కోణం నుంచి కొలిచారన్నది. రాడార్ గన్ బేస్‌బాల్‌లోకి వచ్చింది 1974 ప్రాంతంలో. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ డానీ లిట్‌వైలర్ క్యాంపస్ పోలీసులు కార్ల వేగం పట్టే గన్‌ను చూసి, అది బంతికెందుకు పనికిరాదని ఆలోచించాడు. పిచింగ్ యంత్రాలు చేసే జగ్స్ కంపెనీతో కలిసి మొదటి గన్ తయారు చేయించాడు. దాని సూత్రం ఇప్పటికీ అదే: బంతికి తగిలి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యంలో మార్పును బట్టి వేగం చెప్పడం. గన్ బంతి దారికి ఎదురుగానో సరిగ్గా వెనకనో ఉంటేనే అది నిజం చెబుతుంది. పక్కకు జరిగి 15 డిగ్రీల కోణంలో కూర్చుంటే 90 మైళ్ల బంతి 87గా కనిపిస్తుంది. స్కౌట్లంతా ప్లేట్ వెనక కంచె దగ్గరే ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చునేది అందుకే. తండ్రులు మూడో బేస్ పక్కనుంచి తీసిన కొలతలకు అక్కడ విలువ లేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఎన్ని బంతుల్లో వచ్చిన వేగం అన్నది. స్కౌట్ నోట్‌బుక్‌లో వేగం ఎప్పుడూ ఒక్క అంకెగా ఉండదు. నిలకడగా ఎక్కడ నిలుస్తున్నాడు, పైన ఎక్కడ తాకాడు అని రెండూ రాసుకుంటాడు. "88–91, గరిష్ఠం 93" అన్నట్టు. బయట ప్రచారంలోకి వెళ్లేది మాత్రం ఆ చివరి 93 ఒక్కటే.

ఊహకు ఒక కుర్రాణ్ని తీసుకుందాం. పదిహేడేళ్లు, ఆరడుగుల మూడంగుళాలు, ఇంకా కండ పట్టని ఒళ్లు. మొదటి ఇన్నింగ్స్‌లో 93, 92, 94. కంచె వెనక గన్‌లన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. మూడో ఇన్నింగ్స్‌కు 90. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక రన్నర్ బేస్ మీదికి చేరాడు. ఇప్పుడు కుర్రాడు కాలు ఎత్తకుండా త్వరగా వేయాలి, లేకపోతే రన్నర్ ఆ సందులో పరుగెత్తి రెండో బేస్ దొంగిలిస్తాడు. అనుభవమున్న స్కౌట్ సరిగ్గా ఇక్కడ గన్ దించి స్టాప్‌వాచ్ తీస్తాడు. కదలిక మొదలైన దగ్గర్నుంచి బంతి క్యాచర్ గ్లవ్ చేరేదాకా 1.3 సెకన్లయితే ఫరవాలేదు. ఈ కుర్రాడికి 1.6 పడుతోంది. తొందరపడితే వేగం 88కి దిగుతోంది, మోచెయ్యి మొదటి ఇన్నింగ్స్‌లో కన్నా కాస్త కిందికి జారింది, పక్కకు విరగాల్సిన బంతి, స్లైడర్, విరగకుండా మధ్యలో తేలుతోంది. మొదటి ఇన్నింగ్స్ చూసి వెళ్లిపోయినవాడూ నాలుగో ఇన్నింగ్స్ దాకా కూర్చున్నవాడూ ఒకే ఆటగాడి గురించి రాసినా, చదివేవాళ్లకు ఇద్దరు వేర్వేరు కుర్రాళ్లు కనిపిస్తారు.

షోకేస్‌లని ఇప్పుడు వేసవిలో నడిచే ప్రదర్శన శిబిరాల్లో నాలుగో ఇన్నింగ్స్ అనేదే ఉండదు. ఒక్కో పిచ్చర్ వచ్చి ఒకటో రెండో ఇన్నింగ్స్ ఉన్న బలమంతా పెట్టి వేసి వెళ్లిపోతాడు. గన్‌కు ఇంతకన్నా అనుకూలమైన చోటు లేదు. పిచ్చర్‌గా ఏం తెలుసో చూడడానికి ఇంతకన్నా పనికిరాని చోటూ లేదనే నా ఉద్దేశం.

బంతి తిరిగే తీరు

వేగం ఒక్కటే చాలదని అందరికీ ఎప్పుడో తెలుసు. ఒకడి 92ను చితకబాదుతారు, ఇంకొకడి 89కి బ్యాట్ తగలదు. పాత స్కౌట్లు రెండోవాడి బంతిలో "ప్రాణం" ఉందనేవారు. దాన్ని అంకెల్లోకి దించింది ట్రాక్‌మ్యాన్, రాప్సోడో, హాక్‌ఐ లాంటి పరికరాలు. మొదటిది గోల్ఫ్ కోసం పుట్టిన డెన్మార్క్ రాడార్. చివరిది టెన్నిస్‌లో, క్రికెట్‌లో మనం చూసేదే, 2020 నుంచి మేజర్ లీగ్ స్టేడియాల్లో బంతి వెంట కళ్లు అదే వేస్తోంది.

చెయ్యి వదిలిన బంతి ఏ భ్రమణమూ లేకుండా వస్తే 0.4 సెకన్లలో భూమ్యాకర్షణ దాన్ని దాదాపు 31 అంగుళాలు కిందికి లాగుతుంది. ఫాస్ట్‌బాల్‌ను పిచ్చర్ వేళ్లతో వెనక్కి తిప్పుతూ వదులుతాడు. అలా తిరిగే బంతి చుట్టూ గాలి కిందివైపు మళ్లుతుంది, దానికి ప్రతిగా బంతి పైకి నెట్టుకుంటుంది. మాగ్నస్ ప్రభావమంటే ఇదే. సగటు మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్‌ను ఈ తోపుడు సుమారు 16 అంగుళాలు పైకి నిలబెడుతుంది. అంటే బంతి పైకి లేవదు, పడాల్సినంత పడదు. ఒక కుర్రాడికి ఇది 19 అంగుళాలుంటే, బ్యాటర్ కన్ను అలవాటుగా ఊహించిన చోటుకన్నా బంతి మూడంగుళాలు పైన వెళుతుంది. బ్యాట్ లావే రెండున్నర అంగుళాలు.

ఇక్కడ జనం పట్టుకునే అంకె స్పిన్ రేటు, నిమిషానికి ఎన్ని చుట్లన్నది. మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్‌కు సగటున 2,300 దగ్గర ఉంటుంది. పదహారేళ్ల కుర్రాడికి 2,080 వచ్చిందంటే తక్కువే కదా అనిపిస్తుంది. అయితే వేగంతో పాటు స్పిన్ కూడా పెరుగుతుంది. 85 మైళ్ల దగ్గర 2,080 అన్నా, 94 దగ్గర 2,300 అన్నా నిష్పత్తి దాదాపు ఒకటే. కాబట్టి వాడు స్పిన్‌లో వెనకబడి లేడు, వేగం రావాల్సి ఉంది, అంతే. ఇంకో మెలిక ఏమిటంటే, అన్ని చుట్లూ ఒకే పని చెయ్యవు. భ్రమణ అక్షం బంతి వెళ్లే దిశలోనే ఉంటే ఎన్ని వేల చుట్లు తిరిగినా అది పైకీ పక్కకీ కదలదు. మంచి స్లైడర్లలో చాలాభాగం అలాంటి భ్రమణమే. ఫాస్ట్‌బాల్‌లో మాత్రం అది వృథా. స్పిన్ రేటు ఒక్కటే చూసి మురిసిపోయిన జట్లు ఈ తేడా తెలుసుకోవడానికి కొన్నేళ్లు పట్టింది.

స్పిన్‌ను శిక్షణతో పెంచడం చాలా కష్టమని అందరూ ఒప్పుకున్న మాట. దొంగదారిలో మాత్రం తేలిక, వేళ్లకు జిగురు రాసుకుంటే చాలు. 2021 జూన్‌లో అంపైర్లు పిచ్చర్ల చేతులు, టోపీలు, బెల్టులు తడిమి చూడడం మొదలుపెట్టగానే లీగ్ మొత్తం మీద స్పిన్ సగటు ఒక్కసారిగా పడిపోయింది. కొలిచే పరికరం ఒక గుణాన్ని బయటపెడితే, ఆ గుణాన్ని నకలు చేసే మార్గం కూడా వెంటనే పుడుతుంది.

బంతి వదిలే చోటు సంగతి ఇంతకుముందు అన్నాను. పొడుగ్గా అంగ వేసి ఏడడుగులు ముందుకొచ్చి వదిలేవాడికి, ఆరడుగుల దగ్గర వదిలేవాడికి మధ్య ఒక్క అడుగు తేడా. 95 మైళ్ల బంతికి ఆ అడుగు సెకనులో దాదాపు వెయ్యో వంతులు ఎనిమిది. బ్యాటర్‌కు అది మైలున్నర నుంచి రెండు మైళ్ల అదనపు వేగంలా అనిపిస్తుంది. గన్ దీన్ని చూడలేదు. కోచ్‌లు తరచుగా "వీడి బంతి గన్‌లో కన్నా వేగంగా వస్తోంది" అనేదాని వెనక రహస్యం చాలావరకు ఇదే. చెయ్యి ఎత్తు కూడా అలాంటిదే. పైనుంచి వేసేవాడి బంతి నిలబడడం బ్యాటర్‌కు అలవాటే. పక్కవాటుగా, కింది నుంచి వచ్చిన బంతి అంతే నిలబడితే కన్ను మోసపోతుంది. కాబట్టి 16 అంగుళాలన్న అంకె ఒకడికి మామూలు, ఇంకొకడికి అపురూపం. అంకెను చేతి కోణంతో కలిపి చదవకపోతే దానికి అర్థం లేదు.

ఇరవై నుంచి ఎనభై

ఇదంతా చూశాక స్కౌట్ వేసే మార్కులు 20 నుంచి 80 దాకా ఉంటాయి. 50 అంటే మేజర్ లీగ్ సగటు. ప్రతి పది పాయింట్లూ గణాంక శాస్త్రంలో ఒక ప్రామాణిక విచలనానికి సమానమని సూత్రం. అందుకే 80 చాలా అరుదు, 20 కూడా అంతే. ఫాస్ట్‌బాల్, వంపు తిరిగే కర్వ్‌బాల్, స్లైడర్, వేగం తగ్గించి మోసం చేసే చేంజప్, కమాండ్... ప్రతిదానికీ విడిగా రెండు మార్కులు వేస్తారు. ఒకటి ఈ రోజుకి, రెండోది ఎదిగాక. పదిహేడేళ్ల కుర్రాడి చేంజప్‌కు 35/55 అని రాశారంటే, ఇప్పుడు పెద్దగా పనికిరాదు గానీ ఒకనాటికి సగటును మించుతుందని నమ్ముతున్నారన్నమాట.

ఈ గీతకు ఎడమవైపున్న అంకెను పరికరాలతో సరిచూడొచ్చు. కుడివైపు అంకె పూర్తిగా నమ్మకం. మిలియన్ల డాలర్ల బేరమంతా కుడివైపు అంకె మీదే నడుస్తుంది.

హైస్కూల్ గణాంకాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు, అది సబబే. ఎదురుగా ఉన్న బ్యాటర్లలో ఎక్కువమంది కాలేజీ స్థాయికి కూడా వెళ్లరు. 93 మైళ్ల బంతిని ఎక్కడో ఒక దగ్గర వేస్తే చాలు, వాళ్లు అవుట్. అందుకే ఏడు ఇన్నింగ్స్‌లో 15 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడన్న వార్త కన్నా, ఆ పదిహేనులో ఎన్ని క్యాచర్ గ్లవ్ పెట్టిన చోటుకే వెళ్లాయన్నది స్కౌట్‌కు ముఖ్యం. కంట్రోల్ అంటే స్ట్రైక్, అంటే బ్యాటర్ ఆడాల్సిన పరిధిలో పడే బంతి, వేయగలగడం. కమాండ్ అంటే అనుకున్న మూలకే వేయగలగడం. మొదటిది లెక్కపెట్టొచ్చు. రెండోదానికి పిచ్చర్ ఎక్కడ అనుకున్నాడో తెలియాలి, అది ఏ కెమెరాకీ కనబడదు. క్యాచర్ గ్లవ్‌ను గుర్తుగా తీసుకుందామంటే, చాలామంది క్యాచర్లు గ్లవ్‌ను ఉజ్జాయింపుగా మధ్యలో పెట్టి ఊరుకుంటారు. పిచ్చర్ వృత్తికి ప్రాణాధారమైన గుణం ఇంకా కంటి అంచనాలోనే మిగిలిపోయింది.

ఎదిగే ఒళ్లు, తెగే లిగమెంట్

పద్నాలుగేళ్ల వయసులో ఎవరు ఎక్కువ వేగంగా వేస్తారంటే, చాలాసార్లు ముందుగా మీసం వచ్చినవాడు. ఒకే తరగతిలో ఉన్న ఇద్దరి శారీరక వయసులో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. ముందు ఎదిగినవాడు 82 మైళ్లు వేసి జట్టులో నంబర్ వన్ అవుతాడు, రెండేళ్లకు 84 దగ్గర ఆగిపోతాడు. ఆలస్యంగా ఎదిగినవాడికి ఆ రెండేళ్లలో ఎవరూ బంతి ఇవ్వరు. స్కౌట్లు పొడవాటి కాళ్లు, వెడల్పు భుజాలు, చిన్న నడుము చూసి "ఇంకా నిండాల్సిన ఒళ్లు" అనడం, స్టాండ్‌లో తల్లిదండ్రులు ఎంత పొడుగున్నారో ఓ కన్నేయడం ఈ లెక్క కోసమే. శాస్త్రీయంగా వినిపించకపోయినా అందులో అర్థముంది.

పాల్ స్కీన్స్ సంగతి చూడండి. కాలిఫోర్నియాలో హైస్కూల్ ముగించిన 2020లో అతన్ని ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. కరోనా వల్ల ఆ ఏడాది డ్రాఫ్ట్ ఐదు రౌండ్లకే కుదించారన్నది నిజమే గానీ, అప్పటికి అతను క్యాచర్‌గా కూడా ఆడుతున్న కుర్రాడు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చేరాడు, తర్వాత లూసియానా స్టేట్ యూనివర్సిటీకి మారాడు. 2023లో డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే, 92 లక్షల డాలర్లు. 2024లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2025లో సై యంగ్. మూడేళ్ల తేడాలో ఎవరూ అడగనివాడు అందరూ కోరుకునేవాడయ్యాడు.

జట్లు ఈ పాఠం తమదైన పద్ధతిలో నేర్చుకున్నాయి. 1965లో డ్రాఫ్ట్ మొదలైన నాటి నుంచి 2025 దాకా కుడిచేతి వాటం హైస్కూల్ పిచ్చర్‌ను మొదటి స్థానంలో ఎవరూ తీసుకోలేదు. ఎడమచేతి వాటం వాళ్లు ముగ్గురు: 1973లో డేవిడ్ క్లైడ్, 1991లో బ్రయన్ టేలర్, 2014లో ఏకెన్. ముగ్గురిలో మేజర్ లీగ్‌కు చేరింది క్లైడ్ ఒక్కడే. అతన్నీ స్కూల్ అయిన మూడు వారాలకే, ప్రేక్షకుల్ని రప్పించడానికి టెక్సస్ రేంజర్స్ మౌండ్ ఎక్కించింది. స్టేడియం నిండింది. క్లైడ్ కెరీర్ 18 గెలుపులు, 33 ఓటములతో ముగిసింది.

ఏకెన్ కథలో విలన్ మోచేతి లోపలి పక్కనుండే చిన్న లిగమెంట్. 65 లక్షల డాలర్లకు మాట కుదిరాక, వైద్య పరీక్షల్లో ఆ లిగమెంట్ గురించి ఆస్ట్రోస్‌కు అనుమానం వచ్చింది. బేరం కిందికి దింపారు. ఆఖరి గంటల్లో 50 లక్షలన్నారు. నొప్పి లేదు, వేగం తగ్గలేదు, కుర్రాడు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మార్చిలో ఆ మోచేతికే ఆపరేషన్ అయింది. అలాగని ఆస్ట్రోస్‌ను జ్యోతిష్కులనలేం. స్కానింగ్‌లో తేడాగా కనిపించినా ఏళ్ల తరబడి పిచింగ్ చేసినవాళ్లున్నారు. ఒక బొమ్మ చూసి పద్దెనిమిదేళ్లవాడి ధర దించడం న్యాయమా అన్న గొడవ చాన్నాళ్లు నడిచింది. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో దానికో నియమం వచ్చింది: డ్రాఫ్ట్‌కు ముందే వైద్య పరీక్షలకు ఒప్పుకున్న ఆటగాడికి, ఎంచుకున్న జట్టు ఆ స్థానానికి నిర్ణయించిన సొమ్ములో కనీసం 75 శాతం ఇవ్వజూపాలి.

ఆ లిగమెంట్ మీద పడే భారం వింటే అసలు ఎవరి మోచెయ్యైనా ఎలా నిలుస్తోందా అనిపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో గ్లెన్ ఫ్లైసిగ్ బృందం 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం, పూర్తి బలంతో వేసేటప్పుడు మోచేతిని మెలిపెట్టే బలం దాదాపు 64 న్యూటన్ మీటర్లు. మృతదేహాల మోచేతుల మీద చేసిన పరీక్షల్లో ఆ లిగమెంట్ ఒక్కటే సుమారు 32 దగ్గర తెగిపోయింది. మరి ప్రతి బంతికీ ఎందుకు తెగడంలేదు? మిగతా బరువును ముంజేతి కండరాలు మోస్తాయి కాబట్టి. అవి అలిసిపోతే మోయాల్సింది లిగమెంటే. నాలుగో ఇన్నింగ్స్‌లో మోచెయ్యి కిందికి జారడాన్ని స్కౌట్ అంత శ్రద్ధగా రాసుకోవడం వెనక ఉన్న శరీరశాస్త్రం ఇదే. అలసటను పట్టించుకోకుండా తరచూ వేసిన కుర్రాళ్లు ఆపరేషన్ బల్ల ఎక్కే అవకాశం 36 రెట్లని 2006 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పోటీల్లో వేసేవాళ్లకు అది ఐదు రెట్లు. 36 ఎక్కడ, 5 ఎక్కడ!

1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచ్చర్ టామీ జాన్ మోచేతిలో వేరే చోట నుంచి తీసిన స్నాయువును అమర్చి ఆ లిగమెంట్‌ను తిరిగి నిర్మించాడు. రాడార్ గన్ ఊపిరి పోసుకుంటున్న రోజుల్లోనే ఈ శస్త్రచికిత్స కూడా పుట్టడం కాకతాళీయమే గానీ, అప్పటి నుంచి రెండూ జంటగానే పెరిగాయి. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా విడుదల చేసిన నివేదిక ప్రకారం వృత్తి పిచ్చర్లలో ఈ ఆపరేషన్లు 2010లో 104 ఉంటే 2024లో 281. సగటు ఫాస్ట్‌బాల్ 2008లో 92కి కాస్త దిగువన ఉండేది, ఇప్పుడు 94 దాటింది. హైస్కూల్ కుర్రాళ్లకు పేరున్న పర్ఫెక్ట్ గేమ్ జాతీయ షోకేస్‌లో 95 మైళ్లు తాకినవాళ్లు 2018లో ఐదుగురు, 2024లో 36 మంది. నిపుణులు వేలెత్తి చూపింది వేగం వెంట పరుగునే, ప్రతి బంతికీ ఉన్నదంతా పెట్టే పద్ధతినే. ఆ వేగానికి డబ్బు కట్టేది కూడా ఇదే లీగ్ జట్లు. కుర్రాడు 95 తాకితే ఫోన్లు మోగుతాయని పదమూడేళ్లవాడికి కూడా తెలిసినప్పుడు, వాణ్ని నెమ్మదిగా వెయ్యమని ఎవరు చెప్పినా వాడెందుకు వింటాడు?

కుర్రాళ్ల కోసం 2014 నుంచి పిచ్ స్మార్ట్ పేరుతో మార్గదర్శకాలున్నాయి. 15, 16 ఏళ్లవాళ్లు రోజుకు 95 బంతులు మించకూడదు. 17, 18 వాళ్లకు 105. ఎన్ని బంతులకు ఎన్ని రోజుల విశ్రాంతో కూడా పట్టిక ఉంది. చిక్కు ఎక్కడంటే, స్కూల్ కోచ్ తన పుస్తకంలో తన లెక్క రాస్తాడు, క్లబ్ కోచ్ తన లెక్క తాను రాస్తాడు, మధ్యలో ప్రైవేటు శిక్షకుడి దగ్గర వేసిన బంతులు ఏ పుస్తకంలోనూ ఉండవు. ప్రతివాళ్లూ నియమం పాటించినట్టే, చెయ్యి మాత్రం మూడు లెక్కలనూ కలిపి మోస్తుంది. ఇంటి దగ్గర ఒక కాగితం మీద వారానికి ఎన్ని బంతులు, ఎక్కడెక్కడ, మర్నాడు నొప్పి ఉందా లేదా అని రాసుకుంటే, ఖరీదైన రాప్సోడో నివేదిక కన్నా అదే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. జట్టు వైద్యులు కూడా చివరికి అడిగేది అలాంటి చరిత్రనే.

అదే మార్గదర్శకాల్లో ఏడాదికి కనీసం నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ వద్దని, అందులో రెండు మూడు నెలలు వరసగా తల మీదుగా ఏ విసురూ వద్దని ఉంది. అంత వ్యవధి దొరికేది శీతాకాలంలోనే. వసంతం నాటికి మూడు మైళ్లు పెంచుతామనే వేగ శిక్షణ శిబిరాలకు గిరాకీ ఉండేదీ ఆ శీతాకాలంలోనే.